టెన్షన్ పడొద్దని గర్భిణికి కాదు, ఇంట్లోవాళ్లకు చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

గర్భిణులు ఆందోళన పడితే పుట్టబోయే బిడ్డకు ముప్పు అంటూ మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. చదివి ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగైంది, వీలైతే కత్తిరించకుండా వేయండి. వ్యాసంలో రాసింది తప్పని నేను అనడం లేదు. తల్లి పడే ఒత్తిడి కడుపులో బిడ్డ దాకా వెళ్తుందన్నది నిజమే, దాని మీద ముప్పై ఏళ్లుగా మంచి పరిశోధనలే జరిగాయి. నా బాధంతా చివర్లో ఇచ్చిన సలహాల గురించే. సంతోషంగా ఉండండి, మంచి సంగీతం వినండి, చెడు ఆలోచనలు రానివ్వకండి, రోజూ ధ్యానం చేయండి... ఇవీ సలహాలు. భర్త ఏం చేయాలో ఒక్క ముక్క లేదు. అత్తమామలు ఏం చేయాలో లేదు, ఆస్పత్రి ఏం అడగాలో లేదు, ప్రభుత్వం ఏం ఇవ్వాలో అసలే లేదు. బరువంతా తీసుకెళ్లి మళ్లీ ఆ కడుపుతో ఉన్న పిల్ల నెత్తినే పెట్టారు. ఇప్పటిదాకా ఇంటి బాధలతో నిద్రపట్టని అమ్మాయి, ఇది చదివాక ‘నా టెన్షన్ వల్ల నా బిడ్డ పాడైపోతోందేమో’ అని ఇంకో బెంగ పెట్టుకుంటుంది.

నేను ఖమ్మం జిల్లాలో ఏఎన్ఎంగా, అంటే పల్లెల్లో గర్భిణుల్ని, పిల్లల్ని చూసే నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. సబ్ సెంటర్‌లో గర్భిణి వస్తే మేం ఏం చేస్తామో మీ పాఠకుల్లో చాలామందికి తెలుసు. బరువు చూస్తాం, బీపీ చూస్తాం, వేలికి గుచ్చి రక్తం శాతం చూస్తాం, పొట్ట ఎత్తు చూస్తాం, బిడ్డ గుండె చప్పుడు వింటాం, ఐరన్ గోలీలు ఇస్తాం, అన్నీ కార్డులో రాస్తాం. తల్లీబిడ్డల కార్డులో వీటన్నిటికీ గడులుంటాయి. ఆ మనిషి ఎలా ఉందో, రాత్రి నిద్రపోతోందో లేదో, ఇంట్లో ఎవరైనా చెయ్యి చేసుకుంటున్నారో లేదో రాసుకోవడానికి నేను పనిచేసినన్నాళ్లూ ఆ కార్డులో చోటు చూడలేదు. గడి లేని చోట ప్రశ్న కూడా ఉండదు. పొద్దున్నుంచి నలభై యాభై మంది వరసలో నిలబడ్డ రోజున గడిలో ఉన్నది అడగడానికే టైం సరిపోదు, లేనిది ఎవరడుగుతారు?

ముందు సైన్స్ సంగతి కాస్త చెప్తాను, ఎందుకంటే మీ వ్యాసం వదిలేసిన అసలు విషయం అందులోనే ఉంది. 1998 జనవరిలో కెనడాలోని క్యూబెక్‌లో మంచు తుపాను వచ్చింది. రోజుల తరబడి కురిసిన వాన తీగల మీద, టవర్ల మీద పడ్డది పడ్డట్టే గడ్డకట్టి, ఆ బరువుకు కరెంటు లైన్లన్నీ కూలిపోయాయి. నడి చలికాలంలో ముప్పై లక్షల మందికి పైగా చీకట్లో ఉండిపోయారు, కొన్ని చోట్ల కరెంటు రావడానికి నెల దాటింది. మాంట్రియల్‌లో సుజాన్ కింగ్ అనే పరిశోధకురాలు అప్పుడు గర్భంతో ఉన్న ఆడవాళ్లను వెతికి పట్టుకుని, వాళ్లకు పుట్టిన పిల్లల్ని ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చారు. ఈ అధ్యయనం ఎందుకు ముఖ్యమంటే, మామూలుగా ఇలాంటి వాటిలో ఒక పెద్ద చిక్కు ఉంటుంది. తల్లికి ఆందోళన ఎక్కువ, బిడ్డకూ ఎక్కువ అంటే అది కడుపులో ఉన్నప్పుడు వచ్చిందా, వంశపారంపర్యంగా వచ్చిందా, ఇంటి పరిస్థితుల వల్ల వచ్చిందా అని తేల్చడం కష్టం. తుపాను అలా కాదు. అది ధనిక, పేద చూసి రాలేదు, ధైర్యం ఉన్న తల్లి, పిరికి తల్లి అని చూసి రాలేదు. ఎవరింట్లో ఎన్ని రోజులు కరెంటు పోయిందన్నది దాదాపుగా ఎవరి చేతుల్లోనూ లేని విషయం.

ఎక్కువ రోజులు ఇబ్బంది పడ్డ తల్లుల పిల్లలు రెండేళ్లప్పుడు మాటల్లో, బుద్ధి పరీక్షల్లో కాస్త వెనకబడ్డారు. ఐదున్నరేళ్లప్పుడు చూసినా ఆ తేడా పూర్తిగా పోలేదు. ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. బుద్ధి, మాటల విషయంలో ఆ తల్లి మనసులో ఎంత బాధపడిందన్న దానికన్నా, నిజంగా ఎన్నాళ్లు కష్టంలో ఉందన్నదే బిడ్డ మీద ఎక్కువ తేడా చూపించింది. అంటే ధైర్యంగా ఉన్నానని చెప్పిన తల్లి అయినా సరే, చలిలో, చీకట్లో, ఇల్లు వదిలి వేరే చోట తలదాచుకుంటూ గడిపిన రోజులు లెక్కలోకి వచ్చాయి. మరి ‘మనసు గట్టిగా పెట్టుకో’ అన్న సలహా ఒక్కటే ఎలా సరిపోతుంది? కష్టం తగ్గాలి కదా ముందు.

ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ చుట్టుపక్కల 1991, 92ల్లో గర్భంతో ఉన్న సుమారు పద్నాలుగు వేల మందిని చేర్చుకుని ఇంకో పెద్ద అధ్యయనం మొదలుపెట్టారు. అందులో నెలలు నిండుతున్న దశలో బాగా ఆందోళనతో ఉన్న తల్లుల పిల్లల్ని నాలుగేళ్ల వయసులో చూస్తే, ప్రవర్తనలో ఇబ్బందులు, అతి చురుకుదనం, నిలకడ లేకపోవడం మిగతా పిల్లల కన్నా దాదాపు రెట్టింపు కనిపించాయి. రెట్టింపు అనగానే గుండెలు బాదుకోవద్దు. నూటికి ఐదారుగురు పిల్లలకు ఉండే సమస్య పది పన్నెండు మందికి ఉందని దానర్థం. మిగతా ఎనభై తొంభై మంది పిల్లలు శుభ్రంగా ఉన్నారు. ఈ రెండో సగం మీ వ్యాసంలో లేదు. గర్భిణులు చదివే వ్యాసంలో తప్పకుండా ఉండాల్సింది అదే.

లోపల ఏం జరుగుతుందంటే, మనిషికి భయం, ఆందోళన కలిగితే ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ పెరుగుతుంది. అది విషం కాదు, బిడ్డకు కూడా అవసరమే. నెలలు నిండకుండానే నొప్పులొచ్చిన తల్లికి బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడాలని మేం డెక్సామెథసోన్ ఇంజెక్షన్ వేసి పెద్దాస్పత్రికి పంపిస్తాం, అది ఆ జాతి మందే. కానీ ఎప్పుడు, ఎంత అన్నది ముఖ్యం. తల్లి రక్తంలోని కార్టిసాల్ ఉన్నదున్నట్టు బిడ్డకు చేరకుండా, తల్లినీ బిడ్డనూ కలిపే మాయ (ప్లాసెంటా) కాపలా కాస్తుంది. మాయలో ఒక ఎంజైమ్ ఉంటుంది, వచ్చిన కార్టిసాల్‌లో ఎక్కువ భాగాన్ని పనిచేయని రూపంలోకి మార్చేస్తుంది. తల్లికి తీవ్రమైన ఆందోళన ఉన్నప్పుడు ఆ ఎంజైమ్ తగ్గుతుందని లండన్‌లో వివెట్ గ్లోవర్ బృందం చూపించింది. అలా కాపలా సడలినప్పుడు అప్పుడప్పుడే ఏర్పడుతున్న మెదడుకు అది ఎక్కువగా చేరుతుంది. దీనికి తోడు మనసు బాగోలేని మనిషి సరిగా తినదు, నిద్రపోదు, చెకప్‌కు రాదు, గోలీలు వేసుకోదు. ఇవన్నీ కలిసే బిడ్డ మీద పడతాయి, ఏ ఒక్కదాన్నో విడదీసి చూపించలేం.

అలాగని ఆఫీసులో మేనేజర్ విసుక్కున్నాడనో, బస్సు దొరకలేదనో, తోడికోడలితో మాటామాటా అనుకున్నామనో ఏ చెల్లీ భయపడాల్సిన పని లేదు. అమెరికాలో జానెట్ డిపియెట్రో అనే ఆవిడ ఆరోగ్యంగా ఉన్న గర్భిణుల మీద చేసిన పరిశోధన 2006లో వచ్చింది. మామూలు స్థాయి ఒత్తిడి ఉన్న తల్లుల పిల్లలు రెండేళ్లప్పుడు వెనకబడలేదు సరికదా, కొన్ని పరీక్షల్లో కాస్త ముందే ఉన్నారు. ఇంకో మాట కూడా చెప్పాలి. కడుపులో ఉన్నప్పుడు జరిగిందే బిడ్డ తలరాత కాదు. ఎక్కువ కార్టిసాల్ తగిలిన పిల్లల్లో కూడా, పుట్టిన తర్వాత తల్లితో గట్టి అనుబంధం ఏర్పడిన వాళ్లలో బుద్ధి ఎదుగుదల మీద ఆ ప్రభావం కనిపించలేదని గ్లోవర్ వాళ్ల బృందమే 2010లో రాసింది. కాబట్టి ఏడుస్తూ నెలలు గడిపిన తల్లులెవరైనా ఈ ఉత్తరం చదువుతుంటే, మీ బిడ్డకు ఏమీ కాలేదనే ముందుగా అనుకోండి. ఎత్తుకోండి, కబుర్లు చెప్పండి, పాలివ్వండి. ఆలస్యమైపోలేదు.

మనం మాట్లాడాల్సింది పెద్ద కష్టం గురించి. నెలల తరబడి వదలని అప్పు, తాగొచ్చి కొట్టే మొగుడు, ఈసారి మగపిల్లాడు పుట్టకపోతే చూసుకో అనే మాట, తొమ్మిదో నెలలోనూ మానలేని కూలి. వీటికి సంగీతం మందు కాదు.

ఒక అమ్మాయి సంగతి చెప్తాను, ఊరూ పేరూ రాయను. ఇద్దరు ఆడపిల్లల తర్వాత మూడోసారి కడుపుతో ఉంది. మిర్చి ఏరే రోజులు. వేళ్లన్నీ మంట పుట్టి ఎర్రబడి ఉన్నాయి. రెండు నెలలుగా బరువు పెరగడం లేదు. అంగన్‌వాడీలో పాలు, గుడ్డు తింటూనే ఉందని టీచరమ్మ చెప్పింది. నేనేం అడిగినా అత్తగారే జవాబు చెప్తోంది. ‘తింటున్నవా?’ అంటే ‘తింటనే ఉంది నర్సమ్మా’ అని ఆమె. ‘నిద్ర పడ్తోందా?’ అంటే ‘ఎందుకు పట్టదు, పండితే లేవదు’ అనీ ఆమే. ఈ పిల్ల తలెత్తకుండా కార్డు అంచును మడుస్తూ, విప్పుతూ కూర్చుంది. గోలీలు తెచ్చుకోమని పెద్దావిడను పక్క గదిలోకి పంపి తలుపు దగ్గరగా వేశాను. ఏమీ అడగక ముందే ఆ పిల్ల ‘ఈసారి గూడ ఆడపిల్లనే అయితే పుట్టింటికి పొమ్మన్నరు’ అంది. ‘మా నాయిన లేడు, అన్నదమ్ములు రానియ్యరు, ఇద్దరు పిల్లల్ని పట్టుకుని యాడికి పోవాలె నర్సమ్మా?’ అంది. గట్టిగా ఏడవడానికి కూడా భయమే, పక్క గదిలో అత్త ఉంది కదా. ఆ పిల్లకు ఏం చెప్పాలి నేను? సంతోషంగా ఉండు, బిడ్డకు మంచిది అనా?

భర్తను పిలిపించి మెడికల్ ఆఫీసరు గారి ముందు కూర్చోబెట్టాం. ఆడపిల్లో మగపిల్లాడో తేలేది తండ్రి వైపు నుంచి వచ్చే కణంతో తప్ప తల్లితో కాదని డాక్టరు గారు బొమ్మ గీసి చూపించారు. అతను దుర్మార్గుడేం కాదు, ఇద్దరు పిల్లల తండ్రికి ఆ ముక్క అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు, అంతే. పూర్తిగా మారిపోయాడని నేను చెప్పలేను గానీ, తర్వాతి చెకప్‌కు అత్తగారికి బదులు అతనే వచ్చాడు, బయట చెట్టు కింద ఇద్దరు పిల్లల్నీ ఆడిస్తూ కూర్చున్నాడు. ఆ నెల ఆ పిల్ల బరువు పెరిగింది. ఆ మార్పంతా మా మాటల వల్లేనని కొలిచి చెప్పలేను. కానీ తలుపు దగ్గరగా వేసిన ఆ ఐదు నిమిషాలు లేకపోతే అసలు సంగతి ఎవరికీ తెలిసేది కాదన్నది మాత్రం ఖాయం.

ఇది ఎక్కడో ఒకరింటి కథ కాదు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి, భర్త చేతిలో హింస ఎదుర్కొన్నామని చెప్పిన వివాహిత మహిళలు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి ముప్పై మంది, తెలంగాణలో ఇంకా ఎక్కువ. ఇది నోరు తెరిచి చెప్పిన వాళ్ల లెక్క మాత్రమే. గర్భం వచ్చిందని ఆ చెయ్యి ఆగుతుందనుకుంటాం, అన్ని ఇళ్లలోనూ ఆగదు, నేను కళ్లారా చూశాను. గర్భిణుల్లో సుమారు పది శాతం మందికి, మనలాంటి దేశాల్లో పదిహేను శాతం దాటి, డిప్రెషన్ లాంటి మానసిక సమస్య ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. ప్రసవం తర్వాత ఇది ఇంకా పెరుగుతుంది. ఏ పీహెచ్‌సీ రిజిస్టరు తిరగేసినా ఈ లెక్కన ప్రతి పేజీలో ఒకరిద్దరు ఉండాలి. మనం రాసుకున్న వాళ్లెందరు?

వరదల సంగతి కూడా ఇందులోదే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది, అవే రోజుల్లో ఖమ్మంలో మున్నేరు ఇళ్లలోకి వచ్చింది. డాబాల మీద, బంధువుల ఇళ్లలో, శిబిరాల్లో గడిపిన వాళ్లలో గర్భిణులు ఎంతమంది? గోదావరి పొంగినప్పుడు నెలలు నిండిన వాళ్లను ముందే భద్రాచలం ఆస్పత్రికి తరలించడం మన దగ్గర ఉంది, అది మంచి పని, ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది. కానీ ప్రసవానికి దగ్గరపడ్డ వాళ్లనే లెక్కేస్తాం. మూడో నెల, ఐదో నెల వాళ్లు బురద ఎత్తి పోసుకుంటూ, తడిసిన బియ్యం ఆరబోసుకుంటూ ఉంటారు. 2011లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో వరదలొచ్చినప్పుడు సుజాన్ కింగ్ వాళ్లు అక్కడి వాళ్లతో కలిసి గర్భిణుల్ని గమనించారు. మొదటి నుంచి చివరిదాకా ఒకే మిడ్‌వైఫ్ (కాన్పులు చూసే నర్సు) చూసుకున్న తల్లులు, చెకప్‌కో మనిషి మారిన వాళ్లకన్నా, ప్రసవం తర్వాత మానసికంగా మెరుగ్గా ఉన్నారని తేలింది. అది చదివినప్పుడు నాకు చాలా సంతోషం వేసింది. తెలిసిన ముఖం ఉంటే చాలు, ఎవరికైనా నోరు పెగులుతుంది. 2017 నుంచి తెలంగాణలో నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ ఇస్తున్నారు. వాళ్లను సిజేరియన్ ఆపరేషన్లు తగ్గించడానికే కాదు, ఇలా ఒక మనిషికి ఒకే తోడుగా ఉండేట్టు కూడా వాడుకోవాలి.

ఈ మాట ఎత్తగానే చాలామంది అభిమన్యుడు కడుపులోనే పద్మవ్యూహం విన్నాడు, ప్రహ్లాదుడు నారాయణ మంత్రం విన్నాడు అంటారు. కడుపులో బిడ్డకు మంచి మాటలు వినిపించాలంటూ ఆన్‌లైన్‌లో గర్భ సంస్కార క్లాసులు చెప్పేవాళ్లూ వీటినే చెప్తారు. ప్రహ్లాదుడి కథే తీసుకోండి, మొదటి నుంచి తీసుకోండి. హిరణ్యకశిపుడు తపస్సుకు పోయాడు. ఇంద్రుడు వచ్చి ఊరి మీద పడి, నిండు గర్భంతో ఉన్న అతని భార్య లీలావతిని ఈడ్చుకుపోతున్నాడు, పుట్టే బిడ్డను చంపేద్దామని. నారదుడు అడ్డుపడి ఆమెను విడిపించాడు. తన ఆశ్రమానికి తీసుకెళ్లి, భర్త తిరిగి వచ్చేదాకా ఏ భయమూ లేకుండా ఇక్కడే ఉండమ్మా అన్నాడు. ధర్మం చెప్పడం, బిడ్డ కడుపులోంచి వినడం ఆ తర్వాతి సంగతి. ముందు ఆమెకు నీడ దొరికింది. మనం ఆ ముందు భాగం వదిలేసి, వినిపించే భాగం ఒక్కటే పట్టుకున్నాం.

తిండి విషయంలో మనకు ఈ తెలివి ఎప్పుడో వచ్చింది. గర్భిణి సరిగా తినకపోతే అది ఆమె తప్పు అనకుండా, అంగన్‌వాడీ పెట్టి గుడ్డు, పాలు, అన్నం మనమే పెడుతున్నాం. దాని ఫలితం కూడా కొలిచారు. 1987 నుంచి 1990 దాకా హైదరాబాద్ దగ్గర 29 ఊళ్లలో, కొన్నింట గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు ఆహారం అందగా కొన్నింట అందలేదు. జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు చేసిన పని అది. ఆ పిల్లలు పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లయ్యాక చూస్తే, ఆహారం అందిన ఊళ్ల పిల్లలు కాస్త పొడుగ్గా ఉన్నారు, గుండె జబ్బుకు దారితీసే లక్షణాలు వాళ్లలో కాస్త తక్కువగా ఉన్నాయి. తల్లి కడుపులో, పసితనంలో ఉన్నప్పుడు పడ్డ ముద్ద పదిహేనేళ్ల తర్వాత కనిపించిందన్నమాట. మనసుకు కూడా ఇలాంటి ఏర్పాటు కావాలని అడగడం అత్యాశ కాదు కదా.

ఇది మన వల్ల అవుతుందా, సైకియాట్రిస్టులు ఎక్కడున్నారు అని అంటారు. అంతమంది లేరు, నిజమే. పాకిస్తాన్‌లోని రావల్పిండి పల్లెల్లోనూ లేరు. అక్కడ మన ఆశాలు, ఏఎన్ఎంల లాగే ఊళ్లలో తిరిగే మహిళా ఆరోగ్య కార్యకర్తలకు కొద్దిపాటి శిక్షణ ఇచ్చి, దిగులుతో ఉన్న గర్భిణుల ఇళ్లకు పంపారు. వాళ్లు మందులివ్వలేదు. కూర్చుని మాట్లాడారు, ఆమె ఆలోచనలు ఎక్కడ చిక్కుకుంటున్నాయో చూశారు, ఇంట్లోవాళ్లను కూడా కూర్చోబెట్టి బిడ్డ పేరుతో పని పంచారు. బిడ్డకు ఆరు నెలలు వచ్చేసరికి, మామూలుగా ఇంటికెళ్లి వచ్చిన చోట్ల నూటికి 53 మంది తల్లుల్లో డిప్రెషన్ అలాగే ఉంటే, ఈ పద్ధతి పాటించిన చోట్ల 23 మందిలోనే ఉంది. పిల్లలకు విరేచనాలు కూడా తగ్గాయి, టీకాలు ఎక్కువగా పడ్డాయి. 2008లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది ఇది, తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్నే పుస్తకంగా చేసి అన్ని దేశాలకూ ఇచ్చింది. మన దేశంలోనే కేరళలో తల్లుల మనసు బాగోగులు చూడటానికి ‘అమ్మ మనసు’ పేరుతో కార్యక్రమం నడుస్తోంది. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో తల్లీబిడ్డలను విడదీయకుండా కలిపి ఉంచి వైద్యం చేసే వార్డు ఉంది. చేయలేని పని కాదిది.

మన దగ్గర ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకు ప్రత్యేక చెకప్ పెడుతున్నారు. ఆ రోజు రెండే రెండు ప్రశ్నలు చేర్చమనండి. ‘ఈ రెండు వారాల్లో ఏ పని మీదా మనసు పోకుండా, ఏదీ చేయబుద్ధి కాకుండా ఉందా? దిగులుగా, ఇక ఏ దారీ లేనట్టుగా అనిపిస్తోందా?’ అంతే. అవునంటే అప్పుడు ఇంకాస్త అడగాలి, ఇంట్లో భయం ఉందా అని అడగాలి, చచ్చిపోవాలనిపిస్తోందా అని కూడా మొహమాటం లేకుండా అడగాలి. అడిగితే లేనిపోనిది తలలో పెట్టినట్టవుతుందని కొందరు భయపడతారు, అలా ఏం కాదు, అడిగేవాళ్లు దొరికారని ఊపిరి పీల్చుకుంటారు. ఈ ప్రశ్నలు మాత్రం ఇంట్లోవాళ్ల ముందు వేయకూడదు. ప్రతి గర్భిణితోనూ కనీసం ఐదు నిమిషాలు ఒంటరిగా మాట్లాడాలని రూలు పెట్టండి. రూలంటూ ఉంటే ఏ అత్తగారూ నర్సును తప్పుపట్టదు, ‘అందరికీ ఇంతేనమ్మా’ అని మేం చెప్పుకోవచ్చు. ఇందుకు ఏఎన్ఎంల మీద ఉన్న ఆన్‌లైన్ ఎంట్రీల భారం కొంత దించాలి. ఫోన్‌లో ఫొటోలు ఎక్కించడానికే సగం రోజు పోతుంటే మనిషి మొహం చూసేదెప్పుడు?

డబ్బు సంగతి కూడా రాయాలి, ఎందుకంటే టెన్షన్‌లో సగం అదే. 2013 ఆహార భద్రత చట్టం గర్భిణికి కనీసం 6,000 రూపాయలు ఇవ్వాలని చెప్పింది. కేంద్రం పథకంలో తొలి కాన్పుకు 5,000 ఇస్తున్నారు, రెండో కాన్పుకు ఆడపిల్ల పుడితేనే 6,000. తమిళనాడులో కిట్లతో కలిపి 18,000 ఇస్తారు. ఉద్యోగంలో ఉన్న ఆడవాళ్లకు 2017 నుంచి 26 వారాల జీతంతో సెలవు ఉంది, మంచిదే, కానీ మిర్చి ఏరే అమ్మాయికి, ఇళ్లలో పాచిపని చేసే అమ్మాయికి ఆ సెలవు ఎవరిస్తారు? ఏడో నెల నుంచి ప్రసవమయ్యాక మూడు నెలల దాకా కూలి మానుకుని ఇంట్లో ఉండగలిగేంత డబ్బు ఆమె ఖాతాలో, అవసరమైన నెలలోనే పడాలి. బిడ్డ నడక నేర్చాక వచ్చే డబ్బు గర్భిణి టెన్షన్ తీర్చదు.

ఇంట్లోవాళ్లకు కూడా నేరుగా చెప్తున్నాను. తమ్ముడూ, నీ భార్య కడుపుతో ఉంటే చెకప్‌కు నువ్వు వెళ్లు. సీమంతం ఘనంగా చేయడానికి అప్పు చేసి, ఆ వాయిదాలు ఆమెకు కనిపించేట్టు కట్టకు. వాయిదా మనిషి గుమ్మం ముందుకొచ్చి కేకలేస్తుంటే ఆమెను ముందుకు తోసి నువ్వు పెరటి దారిన పోకు. మందు కనీసం ఈ తొమ్మిది నెలలు మానెయ్, మానలేకపోతే డాక్టరు దగ్గరికెళ్లు. అత్తగార్లకు చేతులెత్తి దండం పెడుతున్నాను, ఏ పిల్ల పుట్టినా మన ఇంటి పిల్లే అని ఆ అమ్మాయి వినేట్టు ఒక్కసారి అనండి. పురిటికి పుట్టింటికి పంపడం మన పెద్దలు పెట్టిన మంచి ఆచారం, ఆ నెలల్లో ఆమెకు పని తగ్గాలని, తల్లి దగ్గర ఉండాలని పెట్టింది. పుట్టిల్లు లేని పిల్లకు ఆ చోటు మీరే ఇవ్వాలి. హైదరాబాద్‌లో రాత్రి షిఫ్టులు చేసే అమ్మాయిలు, అమెరికాలో అమ్మకు వీసా వస్తుందో రాదో అని ఎదురుచూస్తూ మొదటి కాన్పుకు ఒంటరిగా ఉన్న అమ్మాయిలు, వీళ్లకు డబ్బు ఇబ్బంది లేకపోవచ్చు, కానీ తోడు లేదు. పక్క ఫ్లాటులో తెలుగువాళ్లు ఎవరున్నా తలుపు తట్టి పలకరించండి, వండింది కాస్త ఇచ్చి రండి.

సంపాదకులు గారూ, మిమ్మల్ని అడిగేది ఇదీ. గర్భిణులు ఏం తినాలో వారం వారం వేస్తున్నారు, వేయండి. దాని పక్కనే భర్తలు ఏం చేయాలో, అత్తమామలు ఏం అనకూడదో కూడా వేయించండి. డాక్టర్లతో పాటు ఏఎన్ఎంలను, ఆశాలను అడిగి రాయించండి, ఇళ్లలోపలికి వెళ్లేది వాళ్లే. మనసు బాగోలేని వాళ్లు ఫోన్ చేసి మాట్లాడే ప్రభుత్వ సేవ టెలీ మానస్ నంబరు 14416ను ప్రతి గర్భిణి వ్యాసం కింద పెద్ద అక్షరాల్లో ముద్రించండి. అది ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. కొడుతున్నారంటే మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయొచ్చని కూడా వేయండి. ఈ రెండు నంబర్లూ మా ఊళ్లలో పదిమందిని అడిగితే ఒక్కరికి తెలియడం లేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఏఎన్ఎం,
ఖమ్మం జిల్లా